గోయా నల్ల చిత్రాలు: గోడ మీద ఉన్నదేమిటి, మనం చూస్తున్నదేమిటి

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో నల్ల చిత్రాలు అనే పద్నాలుగు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో శాటర్న్ అనే రోమన్ దేవుడు కళ్లు వెళ్లబెట్టి కన్నబిడ్డనే నమిలేస్తుంటాడు. ఇంకోదాంట్లో ఇద్దరు మోకాళ్లదాకా నేలలో దిగబడినట్టు కనిపిస్తూ దుడ్డుకర్రలతో కొట్టుకుంటుంటారు. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా వీటిని ఎవరో అడిగితే వేయలేదు. 1819లో ఊరి బయట కొన్న సొంతింటి గోడల మీద, 1820-23 మధ్య వేశాడు. వాటికి పేర్లూ పెట్టలేదు. ఇప్పుడు మనం వాడేవన్నీ తర్వాతివాళ్లు పెట్టినవే.

ఇంత చీకటి ఎందుకంటే చాలామంది చెప్పేది ఆయన జబ్బు గురించే. 1793 నాటికే ఆయనకు చెవుడొచ్చింది. 1819లో మళ్లీ జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. రంగుల్లోని సీసం విషమైందని కొందరు, సిఫిలిస్ అని కొందరు, అరుదైన ఆటోఇమ్యూన్ వ్యాధి అని మరికొందరు డాక్టర్లు ఊహించారు. రెండు వందల ఏళ్ల కిందటి రోగికి చేసే ఈ డయాగ్నసిస్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నెపోలియన్ సేనలతో స్పెయిన్ చేసిన యుద్ధంలోని ఘోరాలను గోయా అంతకు ముందే రాగి రేకుల మీద చెక్కాడు. ఆ చీకటికి ఆయన ఒంట్లోనే కారణం వెతకక్కర్లేదు.

అసలు పేచీ గోడ దగ్గర ఉంది. ఫ్రెస్కో అనే గోడచిత్రాల పద్ధతిలో తడి సున్నం మీద రంగు వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతూ రంగును తనలో బిగించేస్తుంది. గోయా మాత్రం ఆరిపోయిన గోడ మీద నూనె రంగులు వేశాడు. అలాంటి రంగు గోడలో కలవదు, పైన పొరలా అంటుకుని ఉంటుంది. చెమ్మ తగిలితే పెచ్చులూడుతుంది.

1870లలో ఆ ఇల్లు కొన్న బ్యాంకర్ ఎర్లాంజర్ బొమ్మలను గోడ నుంచి తీయించి కాన్వాసుకు ఎక్కించమన్నాడు. ఆ పని సాల్వడోర్ మార్తీనెస్ కుబేల్స్ చేశాడు. ఎంత జాగ్రత్తపడినా కొంత రంగు పోయింది. పోయినచోట ఆయనే రంగు వేసి పూడ్చాడు. 1878లో ప్యారిస్ ప్రదర్శనలో పెట్టి, తర్వాత ఎర్లాంజర్ వాటిని స్పెయిన్‌కే ఇచ్చేశాడు.

అదృష్టం ఏమిటంటే, గోడ మీద ఉండగానే జాన్ లారెంట్ అనే ఫొటోగ్రాఫర్ వాటిని ఫొటోలు తీశాడు. దుడ్డుకర్రల బొమ్మ ఫొటోలో కాళ్ల దగ్గర కనిపించేది బురద కాదు, గడ్డి అంటారు పరిశీలించినవాళ్లు. ఇద్దరూ ఊబిలో ఇరుక్కున్నారు, ఒకరు చస్తే తప్ప రెండోవాడు కదల్లేడు, ఇది స్పెయిన్ అన్నదమ్ముల పోరు అని పేజీలకు పేజీలు రాశారు. కాళ్ల కింద గడ్డే ఉంటే ఆ వ్యాఖ్యానంలో సగం కూలిపోతుంది.

ఎక్స్-రే ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. కొన్ని బొమ్మల కింద వేరే దృశ్యాలు, కొండలూ పొలాలూ కనిపించాయి. అంటే ఆ గోడలు మొదట ఇంత భయంకరంగా లేవు.

నా మటుకు గడ్డి వాదనే నమ్మదగింది. అప్పుడు బొమ్మ మరింత భయపెడుతుంది. ఆ ఇద్దరినీ ఏ ఊబీ పట్టుకోలేదు. కావాలంటే కర్రలు పారేసి ఎవరి దారిన వాళ్లు పోవచ్చు, అయినా కొట్టుకుంటున్నారు.