రెప్ప వాపు వెనక ఏముంది?

జలుబు చేసిన ఐదారు రోజులకు పిల్లాడి కన్ను ఒకటి ఎర్రగా వాచి మూసుకుపోతుంది. ఇంట్లో కురుపు అనుకుని పసరో చనుబాలో వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, కంట్లోకి కొత్త క్రిములు చేరతాయి. అసలు తేల్చుకోవాల్సింది, చీము రెప్పలోనే ఉందా, కనుగుడ్డు వెనక్కి చేరిందా అన్నది.

కంటిగుంట అంచు ఎముక నుంచి రెప్పలోకి సెప్టమ్ అనే పలచటి పొర ఉంటుంది. పురుగు కుట్టి, గీరుకుని రెప్పకు పట్టిన ఇన్ఫెక్షన్‌ను అది చాలావరకు ముందే ఆపేస్తుంది. అందుకే వెనక చేరే చీము ఎక్కువగా ముక్కు పక్కనున్న ఎథ్మాయిడ్ సైనస్‌లు అనే గాలి గదుల నుంచే వస్తుంది. అవి పుట్టుకతోనే ఉంటాయి. వాటికీ కంటిగుంటకూ మధ్య ఎముక మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. గుంటకు ముందు వైపు తప్ప అన్ని వైపులా ఎముకే కనక చీము పెరిగేకొద్దీ గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, దృష్టినాడి నలుగుతుంది.

వాచిన రెప్పను తెరవకుండా చుక్కల మందు రాసి పంపడం పెద్ద పొరపాటు. చుక్కలు గుడ్డు వెనక్కి చేరవు. వేళ్లను గుంట అంచు ఎముక మీదే ఆనించి, గుడ్డును నొక్కకుండా రెప్పలు విడదీయాలి. గుడ్డు తన చోటనే ఉండి, అన్ని వైపులా నొప్పి లేకుండా తిరుగుతూ, చూపు బాగుంటే జబ్బు రెప్ప వరకే. ముందుకు వచ్చినా, తిరగకపోయినా, తిప్పితే నొప్పన్నా వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఆపైన టార్చి వెలుగును రెండేసి సెకన్లకు ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి చూడాలి. వెలుగు పడ్డాక కనుపాప ముడుచుకోకుండా పెద్దదైతే ఆ వైపు నాడి దెబ్బతింటోందని అర్థం. ఎర్ర సీసామూత ఆ కంటికి వెలిసినట్టు కనిపించినా ఇదే హెచ్చరిక.

ఏడాది దాటి, హుషారుగా ఉన్న బిడ్డకు రెప్ప వాపే అయితే అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి, 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూడాలి. పసికందును చేర్చుకోవడమే మంచిది. గుంటలోకి చేరితే నరం ద్వారా సెఫ్ట్రియాక్సోన్, సాధారణంగా కిలోకు రోజుకు 100 మిల్లీగ్రాములు. మామూలు మందులకు లొంగని స్టాఫ్ క్రిమి (ఎంఆర్‌ఎస్‌ఏ) అనుమానముంటే వాంకోమైసిన్ కలుపుతారు. కాంట్రాస్ట్ (రంగు మందు) ఇచ్చి తీసిన సీటీ స్కాన్‌లో ముక్కు వైపు చిన్న చీముగడ్డ కనిపించి, బిడ్డకు తొమ్మిదేళ్ల లోపే ఉండి, చూపు బాగుంటే మందులతో ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఈలోపు చూపునూ కనుపాపనూ కొన్ని గంటలకోసారి చూస్తూనే ఉండాలి. చూపు తగ్గితే మాత్రం ఆగకూడదు, చీము తీసేయాలి. ఎక్కువగా ముక్కులోంచి ఎండోస్కోపుతోనే తీస్తారు.

రెండో కన్ను కూడా వాచి, తలనొప్పి, వాంతులు, మగత వస్తే ఇన్ఫెక్షన్ సిరల దారిన మెదడు వైపు వెళ్లిందేమో చూడాలి. వాపు తగ్గాక ఇంటికి పంపినా నోటి మందులతో కలిపి చికిత్స రెండు మూడు వారాలు పడుతుంది. జ్వరం పోయిందని సిరప్ మధ్యలో ఆపేస్తే సైనస్‌లో మిగిలిన చీము మళ్లీ పుంజుకోవచ్చు.