బయోగ్యాస్‌లో మండని భాగానికీ పనుంది

గుంటూరు జిల్లా పాడి రైతులకి గోబర్ గ్యాస్ కొత్తేమీ కాదు. పేడ, నీళ్లు కలిపి డైజెస్టర్‌లో పోస్తే గాలి తగలని చోట సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి గ్యాస్ చేస్తాయి, అది పొయ్యిలో నీలంగా మండుతుంది. అయితే అందులో మండేది మీథేన్ ఒక్కటే, సుమారు 50 నుంచి 65 శాతం. మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. అది మండదు సరికదా మంట వేడిని కూడా కొంత లాగేస్తుంది. అందుకే బండ్లకు వాడే సీబీజీ, అంటే ఒత్తిడితో కుదించిన బయోగ్యాస్, తయారుచేసేటప్పుడు ఖర్చుపెట్టి మరీ దాన్ని తీసేస్తారు.

ఇదే గ్యాస్‌ను, ఇంధనాన్ని మండించకుండా నేరుగా కరెంటుగా మార్చే సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌కి ఇస్తే లెక్క మారిపోతుంది. ఆ సెల్‌లో అసలు సరుకు జిర్కోనియా అనే లోహ ఆక్సైడ్‌కి యిట్రియా అనే మరో లోహ ఆక్సైడ్‌ని కాస్త కలిపి చేసిన పలుచని పింగాణీ పొర. ఒకవైపు గాలి, రెండోవైపు ఇంధనం. 700, 800 డిగ్రీల వేడిలో గాలిలోని ఆక్సిజన్ అయాన్లుగా మారి ఆ పొరలోంచి అవతలికి వెళ్లి హైడ్రోజన్‌తో, కార్బన్ మోనాక్సైడ్‌తో కలుస్తుంది. అప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లు పొరలోంచి రాలేవు కాబట్టి బయట తీగ గుండా తిరిగి రావాలి, మనకొచ్చే కరెంటు అదే. మంటా లేదు, పిస్టనూ లేదు. 1937లోనే బావర్, ప్రైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి సెల్‌ను 1000 డిగ్రీల దగ్గర నడిపి చూపించారు.

మరి మీథేన్‌ని హైడ్రోజన్‌గా మార్చేదెలా? దాన్నే రిఫార్మింగ్ అంటారు, నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఇదే. సెల్‌లో ఇంధనం వైపు ఉండే వేడి నికెల్ మీద ఒక మీథేన్ అణువు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిస్తే రెండు హైడ్రోజన్, రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు వస్తాయి. అంటే బండ్లకు పనికిరాదని పారేసిన వాయువే ఇక్కడ పనిచేసి పెడుతోంది. ఈ చర్యకి వేడి బాగా కావాలి, ఆ వేడి సెల్ దగ్గరే దొరుకుతుంది. తక్కువ వేడిలో నడిచే మామూలు హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌కి కార్బన్ మోనాక్సైడ్ విషం, దీనికి మాత్రం అదీ ఇంధనమే.

చిక్కు లేకపోలేదు. గ్యాస్‌లో మీథేన్ 60, కార్బన్ డయాక్సైడ్ 40 వంతులు ఉన్నాయనుకోండి, 20 వంతుల మీథేన్‌కి జోడీ దొరకదు. దాన్ని అలాగే వదిలేస్తే విడిపోయి, గిన్నె అడుగున మాడు పట్టినట్టు నికెల్ మీద కార్బన్ పేరుకుని దాని రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకని కొంచెం ఎక్కువగానే నీటి ఆవిరి కలుపుతారు.

అంతకంటే పెద్ద శత్రువు గంధకం. కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ బయోగ్యాస్‌లో పది లక్షల భాగాలకి వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. సెల్‌కి ఒక్క భాగం కూడా ఎక్కువే, నికెల్‌కి అతుక్కుని పని ఆపేస్తుంది. ముందు గ్యాస్‌ను తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్, నింపిన గొట్టం గుండా పంపుతారు. గంధకాన్ని పట్టుకుంటున్న కొద్దీ ఎర్రటి తుప్పు నల్లగా మారుతుంది. మిగిలింది యాక్టివేటెడ్ కార్బన్ చూసుకుంటుంది. వాసన తగ్గింది కదా అని ముక్కును మాత్రం నమ్మకండి, ఈ వాయువు ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది.

విజయవాడ మురుగునీటి నుంచి వచ్చే గ్యాస్ కంటే గుంటూరు పల్లెల పేడ గ్యాసే దీనికి నయమని నా అభిప్రాయం. షాంపూలు, క్రీముల్లోంచి మురుగులోకి చేరే సిలోక్సేన్లు వేడికి ఇసుకలాంటి సిలికాగా మారి సెల్‌ని పాడుచేస్తాయి, పేడలో ఆ గొడవ లేదు.

ఫలితం ఎంతంటారా? దాదాపు 25 కిలోల పేడకి ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, అందులో సుమారు 6 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న గ్యాస్ జనరేటర్ దాన్నుంచి ఒకటిన్నర, మహా అయితే రెండు యూనిట్ల కరెంటు ఇస్తుంది. ఈ సెల్ మూడు దాకా ఇవ్వగలదు.

అయితే ఇది ఇంటి పెరట్లో పెట్టుకునే సామాను కాదు. ధర ఎక్కువ, వేడెక్కడానికే గంటలు పడుతుంది, పదే పదే ఆపి మొదలుపెడితే పింగాణీ పగుళ్లిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆన్ చేసుకుందాం అంటే కుదరదు, రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి. అందుకే నన్నడిగితే మొదట పెట్టాల్సింది పాల డెయిరీలో. చుట్టుపక్కల పాడి ఊళ్ల నుంచి పేడ రోజూ వస్తుంది, పాలు చల్లబరచడానికి కరెంటు ఎప్పుడూ కావాలి, పాలను 72 డిగ్రీలకి కాచి పాశ్చరైజ్ చేయడానికి సెల్ నుంచి బయటికి పోయే వేడి గాలే పనికొస్తుంది.