అపార్ట్‌మెంట్ కార్పస్ ఫండ్: మీటింగుల్లో వినే అపోహలు, అసలు లెక్కలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో పది పదిహేనేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు తిరిగి చూసి, ఏ పెద్ద రిపేరు ఎప్పుడు వస్తుందో, ఎంతవుతుందో అసోసియేషన్లకు లెక్క రాసివ్వడం నా పని. చదువుకున్నది సివిల్ ఇంజనీరింగ్. పనిలో సగం మాత్రం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జనం మాటలు వినడమే. కార్పస్ ఫండ్ గురించి, అంటే పెద్ద రిపేర్ల కోసం ఓనర్లందరూ కట్టి దాచిపెట్టే డబ్బు గురించి, ఊరు మారినా ఆ మాటలు మారవు.

అపోహ: "బిల్డర్‌కు కార్పస్ కట్టినం గదా సార్, మళ్లెందుకు?"

ఆ డబ్బు అసోసియేషన్ ఖాతాలోకి వచ్చిందా అని ముందు అడుగుతాను. కొన్నిచోట్ల ఆ ప్రశ్నతోనే మీటింగ్ సగం అయిపోతుంది. వచ్చిందనే అనుకుందాం. వడ్డీ ఏం చేస్తున్నారు? నెల మెయింటెనెన్స్ వంద రూపాయలు పెంచినా గొడవవుతుందని వడ్డీని వాచ్‌మన్ జీతానికి, కామన్ మీటర్ కరెంటు బిల్లుకు వాడేస్తారు. "అసలు సొమ్ము ముట్టుకోలేదు" అని ప్రెసిడెంట్ గారు గర్వంగా చెబుతారు. ఆయన చెప్పేది నిజమే, కానీ ధరలు ఆగవు కదా. ఈ రోజు 6 లక్షలయ్యే బయటి రంగుల పని, ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆరేళ్లకు దాదాపు 8.5 లక్షలవుతుంది. పాస్‌బుక్‌లో అంకె మాత్రం అదే ఉంటుంది.

అపోహ: "లిఫ్టు మంచిగనే నడుస్తుంది. ఖరాబైనప్పుడు తలా ఇంత వేసుకుందాం."

నాకు ఎక్కువ పేచీ ఈ మాటతోనే. లిఫ్టు ఆగిపోయిన రోజున పాడవదు, ఎక్కిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఈ రోజు ఎక్కేవాళ్లు అరగదీస్తారు. ఇరవయ్యో ఏట ఆ ఫ్లాట్‌లో ఎవరుంటే వాళ్ల నెత్తిన బిల్లు పడుతుంది. వాడుకున్న ఏడాది వాటా ఆ ఏడాదే కట్టించుకోవాలన్నదే నా వాదన, ఇందులో వేరే విద్య లేదు.

30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు నేను వేసే లెక్క ఇలా ఉంటుంది. అంకెలు నమూనాకే, మీ భవనానికి కొటేషన్లు తెప్పించుకోండి. రంగులకు 6 లక్షలు, ఆరేళ్లకోసారి అంటే ఏడాదికి లక్ష. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కు 3.2 లక్షలు, ఎనిమిదేళ్లకోసారి అంటే ఏడాదికి 40 వేలు. లిఫ్టు మార్చాలంటే 14 లక్షలు, ఇరవై ఏళ్లకు పంచితే 70 వేలు. బోరు మోటార్లు, పైపులైన్లు కలిపి 4.8 లక్షలు, పన్నెండేళ్లకు పంచితే మళ్లీ 40 వేలు. మొత్తం ఏడాదికి రెండున్నర లక్షలు. ఫ్లాటుకు నెలకు 700 రూపాయల కన్నా కొంచెం తక్కువే. ధరలు పెరుగుతాయి కాబట్టి రెండేళ్లకోసారి లెక్క తిరగరాయాలి.

అసలు చిక్కు ఇప్పటికే పాతబడిన భవనాలతో. లిఫ్టుకు ఎనిమిదేళ్లు నిండితే ఈ లెక్కన ఈపాటికి దానిపేర 5.6 లక్షలు ఉండాలి. ఖాతాలో సున్నా ఉంటే, అది అసోసియేషన్ ఎవరికీ చెప్పకుండా చేసిన అప్పే. ఈ మాట అన్నందుకు ఒక పెద్దాయన నామీద కోపంతో లేచి వెళ్లిపోయారు. నాలుగు రోజులకు ఆయనే ఫోన్ చేసి ఆ లెక్క రాసిచ్చిన కాగితం ఇంకో కాపీ అడిగారు.

ఇంకొకటి, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉంది కాబట్టి లిఫ్టుకు ఖర్చుండదనుకుంటారు. చాలా కాంట్రాక్టులు సర్వీసింగ్ వరకే. రోప్, మోటారు, కంట్రోల్ ప్యానెల్ అందులో ఉన్నాయో లేదో కాగితం తీసి చదవండి.

మోటార్లకు, పైపులకు ఇంటర్నెట్‌లో దొరికే ఆయుష్షు లెక్కలు మా జిల్లాలో నేను నమ్మను. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది మనుషుల ఎముకల సమస్య. పైపులను తినేది నీటిలోని కాఠిన్యం, జనం ఉప్పు నీళ్లంటారే, అది. పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు కోసి చూస్తే లోపల సున్నం పొరలు పేరుకుని, అంగుళం పైపులో వేలు పట్టేంత సందే మిగిలి ఉంటుంది. మిషన్ భగీరథ పథకం నీళ్లు తాగడానికి వస్తున్నా, స్నానాలకూ బట్టలకూ ఇంకా బోరు నీళ్లే వాడే అపార్ట్‌మెంట్లు ఎన్నో. అందుకే మీ మోటారు ఎన్నేళ్లకు మార్చారో పాత బిల్లులు చూసి ఆ ఏళ్లే లెక్కలో వేస్తాను. ఆ బిల్లులు దాచిపెట్టే అసోసియేషన్ దొరకడమే కష్టం.

అపోహ: "స్లాబు కారేది పై అంతస్తు వాళ్లకు. వాళ్లే చేయించుకోవాలె."

రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కామన్ ఏరియాల్లో టెర్రస్‌లనూ, మెట్లనూ, లిఫ్టులనూ పేరు పెట్టి చెప్పింది. అందరిదీ అయినప్పుడు ఖర్చూ అందరిదే. కింది అంతస్తువాళ్లు లిఫ్టు ఎక్కకపోయినా దానికీ ఇదే జవాబు. మహబూబ్‌నగర్‌లో ఒకచోట ఈ వాదనతోనే రెండు వానాకాలాలు గడిపేశారు. ఎండకు పగిలిన టెర్రస్‌లోంచి నీళ్లు దిగి కడ్డీకి తుప్పు పట్టింది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలినుంచి కాంక్రీటును తోస్తుంది. సీలింగ్ పెచ్చులు ఊడి పడ్డాయి. వాటర్‌ప్రూఫింగ్‌తో తేలే పనికి పెచ్చులు కొట్టడం, కడ్డీ గీకడం, కొత్త కడ్డీ జోడించడం తోడై ఖర్చు రెండింతలు దాటింది. చివరికి అందరూ కట్టారు.

అపోహ: "ఐదేళ్లదాకా అన్నీ బిల్డరే చూసుకోవాలి."

అప్పగించినప్పటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపమో, పనితనంలో లోపమో చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చెబుతుంది. వాడకంతో వచ్చే అరుగుదల లోపం కాదు. చట్టం రాకముందే పూర్తయి చేతికొచ్చిన భవనాలకు ఇది వర్తించదు. మా ఊళ్లలో అవే ఎక్కువ.

అపోహ: "ఎఫ్‌డీలో ఏమొస్తది, చిట్టీ వేద్దాం."

వద్దు. ఒక్క సభ్యుడి పేర ఉన్న ఖాతా అసలే వద్దు. అసోసియేషన్ పేర పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా, రిపేరు వచ్చే ఏడాదికి చేతికొచ్చేలా విడివిడి ఎఫ్‌డీలు చాలు. ఒక్కో బ్యాంకులో డిపాజిట్‌కు బీమా వడ్డీతో కలిపి 5 లక్షల వరకే కాబట్టి పెద్ద మొత్తాన్ని రెండు మూడు బ్యాంకుల్లో పెట్టండి. అసోసియేషన్‌కు పన్నుండదని కొందరి ధీమా. సభ్యులు కట్టే చందా సంగతి వేరు, బ్యాంకు ఇచ్చే వడ్డీ సంగతి వేరు. సభ్యులు నడిపే క్లబ్బుకు సైతం బ్యాంకు వడ్డీ మీద పన్ను తప్పదని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది.

అపోహ: "కిరాయిదారు మెయింటెనెన్స్‌లోనే ఈ ఫండ్ వాటా కూడా కలపాలి."

ఓనర్లు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న ఫ్లాట్లలో ఈ తగువు తప్పదు. పదకొండు నెలల అగ్రిమెంట్‌తో ఉండేవాళ్లు ఊడ్చినందుకు, నీళ్లకు, కరెంటుకు కడతారు. రేపు కొత్తగా పెట్టే లిఫ్టు ఓనర్ ఆస్తి, దాని వాటా ఓనరే కట్టాలి. మెయింటెనెన్స్‌కు, ఈ ఫండ్‌కు వేర్వేరు రసీదు పుస్తకాలు పెట్టండి. ఫ్లాట్ అమ్మేటప్పుడు కట్టింది తిరిగి ఇవ్వాలా అని అడుగుతారు. మీ బైలాస్‌లో (అసోసియేషన్ నియమాల్లో) ఎలా ఉంటే అలా. నేను రాసిచ్చే చోట మాత్రం అది ఫ్లాటుతోనే కొత్త ఓనర్‌కు వెళుతుందని రాస్తాను. ఈ మధ్య కొనేవాళ్లు వాస్తు చూసుకున్నాక అసోసియేషన్ పాస్‌బుక్ కూడా చూపించమంటున్నారు.