చాటింపు వేసి చేసే పెళ్లి

కులమతాలు దాటిన రిజిస్టర్ పెళ్లిని పాశ్చాత్య పోకడ అంటుంటారు. ఆ పెళ్లికి ముందు ఇవ్వాల్సిన, దానికే అడ్డం పడే 30 రోజుల నోటీసు కూడా ఇంగ్లండు సరుకే.

అక్కడి చర్చిల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరముంటే చెప్పమనేవారు. దొంగచాటు పెళ్లిళ్లను ఆపడానికి 1753 చట్టం ఈ చాటింపునైనా, లైసెన్సునైనా తప్పనిసరి చేసింది. 1836లో చర్చితో పనిలేని పెళ్లి వచ్చింది; చాటింపు పోలేదు, రిజిస్ట్రార్ నోటీసు పుస్తకంలోకి చేరింది.

ఇక్కడ బెంగాల్ సంస్కర్త కేశవచంద్ర సేన్ వర్గం బ్రహ్మసమాజికులు తమ పెళ్లిళ్లకు చట్టబద్ధత అడిగారు. 1868లో వైస్రాయ్ మండలిలో న్యాయ సభ్యుడు హెన్రీ మెయిన్ తెచ్చిన బిల్లు క్రైస్తవేతరులందరికీ వర్తించేది కావడంతో సంప్రదాయవాదులు ఎదురు తిరిగారు. బ్రహ్మసమాజానికే పరిమితం చేస్తే, సేన్ విడిపోయి వచ్చిన పాత వర్గం ఆది బ్రహ్మసమాజం ఒప్పుకోలేదు. చివరికి 1872 చట్టం ఒక మెలిక పెట్టింది: హిందూ, ముస్లిం, క్రైస్తవం సహా ఎనిమిది మతాల్లో దేన్నీ పాటించడం లేదని వధూవరులు ప్రకటించాలి. వధువుకు 14 ఏళ్లుండాలి. (1878లో సేన్ తన కూతురిని ఆ వయసు నిండకుండానే కూచ్ బిహార్ రాజుకిచ్చాడు. దాంతో ఆయన వర్గం బ్రహ్మసమాజం చీలిపోయింది.)

1954 ప్రత్యేక వివాహ చట్టం ఆ ప్రకటనను తీసేసింది. 1872 చట్టంలోని 14 రోజుల నోటీసును మాత్రం 30 రోజులు చేసింది.

జంటలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, నోటీసు నకలు ఆఫీసు బోర్డుకెక్కుతుంది. వేరే జిల్లాకు వెళ్లి నోటీసిస్తే, సొంత జిల్లాకూ ఒక నకలు వెళ్తుంది. ఇల్లు విడిచొచ్చిన జంటకు చిక్కంతా ఇక్కడే. అభ్యంతరానికి వయసు, బతికున్న భార్య లేదా భర్త, మతిస్థిమితం, నిషిద్ధ బంధుత్వం తప్ప వేరే కారణాలు చెల్లవు. (మేనరికమూ నిషిద్ధ జాబితాలో పడింది, ఆచారముంటే చేసుకోవచ్చని 1963లో సవరించారు.) అయితే, పెళ్లి సంగతి ఊరికి తెలియడానికి అభ్యంతరమే అక్కర్లేదు. ఎవరైనా అభ్యంతరం పెడితే విచారణకు మరో 30 రోజులు. నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే మళ్లీ కొత్త నోటీసు.

జంట రాతపూర్వకంగా కోరితేనే నోటీసు ప్రకటించాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. చట్టంలోని మాట మారలేదు. హిందూ వివాహ చట్టానికి ఇలాంటి నోటీసు అక్కర్లేదు కాబట్టి, ఆగలేని జంటల్లో ఒకరు మతం మారి ఆ దారి పడుతున్నారు.