ఒకే పండుగ, ఇద్దరు పునీతులు: అపోహలు - వాస్తవాలు

జూన్ చివరికి మా గోదావరి డెల్టాలో కాలువలు పారుతుంటాయి, నారుమళ్లు పచ్చబడుతుంటాయి. ఊరంతా పొలంలో ఉండగానే క్రీస్తు అపొస్తలులైన పేతురు పౌలుల పండుగ, జూన్ 29, వచ్చిపడుతుంది. కతోలిక సంఘంలో విశ్వాస పాఠాలు నేర్పే ఉపదేశిగా నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్నల్లో సగం ఆ వారంలోనే వస్తాయి.

అపోహ: ఇద్దరినీ జూన్ 29న చంపారు కాబట్టే ఒకే పండుగ.

ఇద్దరూ చక్రవర్తి నీరో కాలంలో రోమ్‌లో వేదసాక్షులయ్యారన్నది, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చారన్నది సంప్రదాయం. అయితే వారు వేర్వేరు రోజుల్లో శ్రమలు పొందినా ఒక్కటిగానే ఉన్నారని పునీత అగస్టీను తన ప్రసంగంలోనే చెప్పారు. 354 నాటి రోమ్ క్యాలెండర్‌లో జూన్ 29 ఉన్నమాట నిజమే. కానీ దాని పక్కన రాసి ఉన్నది 258వ సంవత్సరపు కాన్సుళ్ల (ఏటా మారే రోమ్ పాలనాధికారుల) పేర్లు. నీరో చనిపోయింది 68లో. కాబట్టి అది వారు మరణించిన సంవత్సరం కానే కాదు.

పేతురును తలకిందులుగా సిలువ వేశారని, రోమా పౌరుడైన పౌలు తల నరికారని చెబుతారు. పౌలు స్వరూపం చేతిలోని కత్తి ఆ మరణానికి గుర్తు. ఆయన విశ్వాసులను హింసించిన రోజులకు గుర్తని పిల్లలకు నేర్పకండి. తాళంచెవులు పేతురువి. పండుగ ఫ్లెక్సీలో ఇవి తారుమారైతే తలలు చూడండి: బట్టతల, పొడుగు గడ్డం పౌలుది, తెల్లని గిరజాల జుట్టు, పొట్టి గడ్డం పేతురుది.

అపోహ: జంటగా ఉంటే అన్నదమ్ములే.

పేతురు తమ్ముడో అన్నో ఎవరంటే అంద్రెయ. ఆయన పండుగ నవంబరు 30న వేరుగా ఉంది. పౌలు అయితే అంతియొకయలో పేతురును ముఖం మీదే నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయం చదవండి. స్లావు జాతులకు సువార్త ప్రకటించిన సిరిల్, మెథోడియస్ మాత్రం నిజంగానే తోబుట్టువులు. వారి పండుగ ఫిబ్రవరి 14. సిరిల్ 869లో ఆ రోజునే కన్నుమూశారు. మెథోడియస్ 885లో, ఏప్రిల్ 6న. అదే ఫిబ్రవరి 14న ఉండే వాలెంటైన్ 1969 సవరణలో రోమ్ సాధారణ క్యాలెండర్‌ నుంచి తప్పుకున్నాడు. ఈ సంగతి చెబితే యువతకు నా మీద కోపం వస్తుంది.

ఫిలిప్పు, యాకోబుల జంట ఇంకో రకం. ఇద్దరి అవశేషాలూ రోమ్‌లోని అపొస్తలుల దేవాలయంలో ఉండడం వల్ల కలిశారు. మే 1న శ్రామికుడైన యోసేపు పండుగ వచ్చాక జరిగి జరిగి, 1969లో మే 3కు చేరారు. ఈ యాకోబు జెబెదాయి కుమారుడు కాడు. ఆ జెబెదాయి కుమారుడికి జూలై 25 ఉంది.

అపోహ: లూథరన్లు పునీతులను తలచుకోరు.

తలచుకుంటారు, వేడుకోరు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 21వ అంశం ఇదే చెబుతుంది. రాజమండ్రి చుట్టుపక్కల లూథరన్ బంధువులు లేని కతోలిక ఇల్లు అరుదు కాబట్టి, పెళ్లి విందుల్లో ఈ వాదన పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక పండుగ ఆదివారం వస్తే ఏం చేయాలన్న గొడవ. పేతురు పౌలులది మహోత్సవం, అంటే అన్నిటికంటే పెద్ద స్థాయి పండుగ. 2025లో జూన్ 29 ఆదివారమే అయినా పండుగ జరిగింది. మరియమ్మ తల్లిదండ్రులైన అన్నమ్మ, జ్వాకీములది స్మరణ మాత్రమే, అంటే చిన్న స్థాయి పండుగ. 2026లో జూలై 26 ఆదివారం కాబట్టి ఆదివార పూజే ఉంటుంది. ఎందుకు తీసేశారని ఫాదర్ గారిని నిలదీయకండి. మీ గుడే అన్నమ్మ పేరున ఉంటే వేరు: అక్కడ అది మహోత్సవమే, తేరు కట్టుకోవచ్చు.