అద్దంలో కనిపించే మొటిమ వయసెంత?

మా అక్క కూతురికి పద్దెనిమిదేళ్లు. బంధువుల పెళ్లి నాలుగు రోజుల్లో ఉందనగా బుగ్గ మీద రెండు మొటిమలు లేచాయి. ఎవరో చెప్పారని నిమ్మచెక్క రుద్దుకుని, ముఖం కడుక్కోకుండానే ఎండలో టైలర్ దగ్గరికి వెళ్లొచ్చింది. మర్నాటికి అక్కడ చర్మం ఎర్రగా కమిలింది, ఆ తర్వాత నల్లబడింది. మొటిమలు పది రోజుల్లో వాటంతట అవే అణిగిపోయాయి. నిమ్మరసం పెట్టిన మచ్చ మాత్రం ఆరు నెలలు పోలేదు.

ఆ పిల్లని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ముఖం మీద మొటిమ లేచిన రోజున ఎవరికైనా ఒకటే తొందర, పొద్దున్నకల్లా పోవాలి. కానీ ఆ మొటిమ నిన్న పుట్టింది కాదు. అద్దంలో కనిపించే నాటికే దాని వయసు కొన్ని వారాలు. రెండు నెలల కిందటే మొదలై ఉన్నా ఆశ్చర్యం లేదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏ చిట్కా పనిచేస్తుందో, ఏది పనిచేయదో చాలావరకు మనమే తేల్చుకోవచ్చు.

ముఖం మీద ప్రతి రోమకూపానికీ ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరగగానే ఈ గ్రంథులు పెద్దవై ఎక్కువ నూనె వదులుతాయి. రోమకూపం లోపలి గోడ నుంచి పాత కణాలు రాలి, ఆ నూనెతోపాటు బయటికి వచ్చేయాలి. మొటిమలు వచ్చే చర్మంలో అవి రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని సన్నటి బిరడాలా అడ్డుపడతాయి. కంటికి కనిపించని ఈ బిరడాతోనే కథ మొదలవుతుంది. వారాలు గడిచేకొద్దీ వెనక నూనె పేరుకుంటుంది. నోరు మూసుకుపోతే వైట్‌హెడ్, తెరుచుకుంటే బ్లాక్‌హెడ్. బ్లాక్‌హెడ్ నలుపు మురికి అనుకుని బరాబరా తోమేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మురికి కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గాలి తగిలి నల్లబడటం. ఎంత తోమినా పోదు.

ఆ మూసుకుపోయిన చోట గాలి ఉండదు, నూనె దండిగా ఉంటుంది. అందరి చర్మం మీదా మామూలుగా బతికే ఒక బ్యాక్టీరియాకి అది పండగ. దాన్ని ఇదివరకు ప్రొపియోనిబ్యాక్టీరియం ఆక్నెస్ అనేవారు, 2016లో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అని పేరు మార్చారు. దాని మీదికి మన రోగనిరోధక కణాలు దండెత్తుతాయి. ఎరుపు, వాపు, చీము అన్నీ ఆ పోరాటం వల్లే. మనం మొటిమ అని పిలిచేది ఈ చివరి ఘట్టాన్ని.

సుశ్రుత సంహితలో వీటికి ముఖదూషిక అని పేరు. యువకుల ముఖం మీద బూరుగు ముళ్లలా లేచే పొక్కులని అందులో వర్ణన. బూరుగు చెట్టు మాను చూసినవాళ్లకి ఆ పోలిక ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. అంటే వంటింటి చిట్కాలకి కూడా చాలా పాత చరిత్రే ఉంది, వాటిని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఒక్కొక్కటీ చర్మం మీద ఏం చేస్తుందో చూద్దాం.

ఆమ్లమో క్షారమో తెలిపే కొలత పీహెచ్, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ సుమారు 2. చర్మం పైపొర 5కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడాకే మంట పుడుతుంది. దానికి తోడు నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయంలాంటిదే అవుతుంది. మా అక్క కూతురికి జరిగింది అదే. వంటసోడా దీనికి పూర్తిగా ఎదురు, క్షారం. అది చర్మానికుండే సహజమైన ఆమ్లపు పొరను దెబ్బతీస్తుంది. టూత్‌పేస్ట్ మొటిమను ఎండబెడుతుందంటారు, నిజానికి చుట్టూ ఉన్న చర్మాన్నీ మండిస్తుంది. ఈ మూడింటినీ ముఖం దగ్గరికి రానివ్వకండి.

పసుపు, వేప సంగతి వేరు. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో ఇవి బ్యాక్టీరియాను అణచిన మాట నిజమే. అయితే గాజుపళ్లెంలో బ్యాక్టీరియా ఎదురుగా ఉంటుంది, ముఖంలో బిరడా వెనక దాక్కుని ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ చర్మంలోకి సరిగా ఇంకదు. రాసుకుంటే పెద్దగా హాని లేదు, కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. శనగపిండి, ముల్తానీ మట్టి కొన్ని గంటలపాటు జిడ్డు పీల్చుకుంటాయి. హాయిగా ఉంటుంది, తప్పులేదు. నలుగు పెట్టినట్టు గట్టిగా రుద్దడమే తప్పు. తలకు దండిగా కొబ్బరినూనె పెట్టుకునేవాళ్లకి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే గీత వెంట సన్నటి గింజల్లా వస్తుంటాయి. తలకి రాసే నూనెలు, పోమేడ్లనే జిడ్డు క్రీముల వల్ల వచ్చే ఈ రకం మొటిమలను 1970లోనే చర్మవైద్యులు వర్ణించారు. అవి ఉన్నవాళ్లు ముందు నూనె తగ్గించి చూడండి.

చిట్కాల్లో పరీక్షకు నిలిచిందని చెప్పదగ్గది టీ ట్రీ అనే ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నుంచి తీసే నూనె. ఆస్ట్రేలియాలో 1990లో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ నూనెను మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ మందుతో (అదీ 5 శాతమే) పోల్చి చూశారు. రెండూ మొటిమలు తగ్గించాయి. నూనె నెమ్మదిగా పనిచేసింది, మంట మాత్రం తక్కువ. సీసాలోని చిక్కటి నూనెను నేరుగా ముఖానికి పూయకూడదు, పల్చగా చేసిందే వాడాలి.

మంట గురించి ఇన్నిసార్లు చెప్పడానికి కారణం మన చర్మపు రంగు. చామనఛాయ చర్మంలో రంగు కణాలు చాలా చురుగ్గా ఉంటాయి. వాపు వచ్చినా, ఒరిపిడి తగిలినా, గోటితో గిల్లినా అక్కడ మెలనిన్ ఎక్కువగా దిగి నల్లమచ్చ పడుతుంది. మొటిమ వారం పది రోజుల్లో పోతుంది, మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మనలో చాలామందిని ఎక్కువ బాధపెట్టేది మచ్చలే కదా. కాబట్టి మంట పుట్టించే వైద్యం మన ముఖాలకి రెట్టింపు నష్టం.

ఇక కొనుక్కునే వాటి విషయం. షెల్ఫుల నిండా రంగురంగుల ట్యూబులున్నా అసలు పనిచేసే మందులు కొన్నే. డబ్బా ముందువైపు బొమ్మ చూడకండి, వెనక సన్న అక్షరాలు చదవండి. శాలిసిలిక్ యాసిడ్ 0.5 నుంచి 2 శాతం దాకా ఉంటుంది. అది నూనెలో కరుగుతుంది కాబట్టి రోమకూపంలోకి దిగి బిరడాని వదులు చేస్తుంది. బ్లాక్‌హెడ్స్ ఎక్కువగా ఉన్నవాళ్లకి మంచిది. ఎర్రగా, చీముతో లేచేవాటికి బెంజాయిల్ పెరాక్సైడ్ వాడాలి. అది బ్యాక్టీరియాను ఆక్సిజన్‌తో చంపుతుంది. యాంటీబయాటిక్‌లకి అలవాటుపడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటుపడదు. 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం అంతే పనిచేస్తుంది, మంట తక్కువ, కాబట్టి తక్కువదే కొనుక్కోండి. తువ్వాలు, దిండు గలీబు రంగు మాత్రం పోతుంది, తెల్లవి వాడుకోండి.

బిరడా మొదలయ్యే చోటే ఆపగలిగేవి విటమిన్ ఏ కుటుంబంలోని రెటినాయిడ్లు. వాటిలో అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను అమెరికాలో 2016 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దగ్గర డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టడం మేలు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు దీన్ని వాడొద్దు. రాత్రిపూట ముఖమంతటికీ శనగగింజంత చాలు. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది, మొటిమలు పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది టెన్షన్ పడి ఆపేస్తారు. రోజు విడిచి రోజు రాసుకుంటూ, పైన మామూలు మాయిశ్చరైజర్ పెట్టుకుంటే ఆ దశ దాటుతుంది. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి, మచ్చలు ముదరకుండా కాపాడేది కూడా అదే. ఇవన్నీ మొటిమ మీద చుక్కలా పెట్టే మందులు కావు. కనిపించని బిరడాలు చుట్టుపక్కల ఇంకా ఉంటాయి కాబట్టి మొటిమలు వచ్చే భాగమంతా రాయాలి. మొటిమ తయారవడానికే వారాలు పడుతుంది కాబట్టి, మందు పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి పన్నెండు వారాలు ఆగాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. మెడికల్ షాపుకెళ్లి మొటిమలకి ఏదైనా క్రీము ఇవ్వండి అంటే, చాలా చోట్ల స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు. బీటామెథసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడే. రాసిన మూడో రోజుకే ఎరుపు తగ్గి ముఖం తెల్లగా మెరుస్తుంది, అందుకే నమ్ముతారు. నెలలు వాడితే చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి, కొత్తగా మొటిమలు విరుచుకుపడతాయి. ఆపితే ముఖం మండిపోతుంది, దాంతో మళ్లీ అదే రాస్తారు. ఇలా పాడైన ముఖాలు మన దేశంలో ఎన్నో చూసిన చర్మవైద్యులు ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాల్సి వచ్చింది. 2018లో ప్రభుత్వం పూతమందుల్లోని చాలా స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. అయినా అమ్మకం ఆగలేదు. పక్కింటివాళ్లు వాడి బాగుందన్న ట్యూబునైనా వెనక్కి తిప్పి చదవండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఉన్నపళంగా మానకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

లోతుగా నొప్పితో గడ్డల్లా లేస్తున్నా, గుంటలు పడుతున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, గుంటలు పడ్డాక చర్మం మునుపటిలా కావడం కష్టం. ఆడపిల్లల్లో మొటిమలతోపాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం ఉంటే హార్మోన్ల పరీక్ష కావాలి. మొటిమల వల్ల పిల్లలు కాలేజీకి వెళ్లడం మానేస్తుంటే, ఫోటో దిగడానికి ఏడుస్తుంటే, అది కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సినంత పెద్ద కారణమే. వయసులో అందరికీ వచ్చేవే అని సర్దిచెప్పి ఊరుకోకండి.

మా అక్క కూతురు ఇప్పుడు కొత్త ట్యూబు తెరిచిన రోజునే దాని మీద పెన్నుతో తేదీ రాస్తోంది. పన్నెండు వారాలు లెక్కపెట్టుకోవడానికి.