బెలుం చెమట, బొర్రా చుక్క

బెలుం గుహల మెట్లెక్కి బయటికొచ్చేవాళ్లను కాసేపు గమనించండి. పెద్దలూ పిల్లలూ అందరి చొక్కాలూ వీపుకు అతుక్కుపోయి ఉంటాయి. గుహంటే చల్లగా ఉంటుందన్న నమ్మకంతో పిల్లలకు స్వెటర్లు సర్దుకొచ్చిన కుటుంబాలకు ఎదురయ్యే మొదటి వింత ఇదే.

నేల లోపలికి కొన్ని మీటర్లు దిగితే ఎండాకాలానికీ చలికాలానికీ తేడా దాదాపు చెరిగిపోతుంది. ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత ఎంతో, గుహ లోపల గాలి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. చలి దేశాల్లో ఆ సగటు 10, 12 డిగ్రీలు కాబట్టి వాళ్ల గుహలు వణికిస్తాయి. రాయలసీమ సగటు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి గుహలోని తేమ తోడైతే పట్టిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పైన మే నెల ఎండలో ఇంతకంటే ఎక్కువ చెమటే పోస్తుంది గానీ, పొడిగాలికి ఎప్పటికప్పుడు ఆరిపోవడంతో మనకు లెక్క తెలియదు.

అందుకే బెలుంకు పలుచటి నూలు బట్టలు మేలు. మనిషికి అర లీటరు నీళ్లు, ఒక చేతి తువ్వాలు ఉంటే చాలు. లోపల అక్కడక్కడా బయటి గాలిని పంపే గొట్టాలున్నాయి. ఫొటోల కోసం ఆగేదేదో వాటి కింద ఆగితే నయం. పర్యాటకుల దారిలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతు. గాలి బరువుగా అనిపించేదీ అక్కడే. ఉబ్బసం, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు దానికి ముందున్న విశాలమైన గదిలో ఆగిపోతే పెద్దగా కోల్పోయేదేమీ లేదు. తలనొప్పి గానీ, నడకకు మించిన ఆయాసం గానీ మొదలైతే కూర్చుని ఓర్చుకోకూడదు, వెంటనే పైకి రావాలి. జనం విడిచే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలి ఆడని పల్లపు చోట్లలో నిలిచిపోతుంది.

కెమెరాను కూడా ఈ తేమే ఏడిపిస్తుంది. ఏసీ కారులో 22 డిగ్రీలకు చల్లబడిన లెన్సు మీద గుహలోని తేమ గాలి తగలగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు పట్టినట్టు ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. గుహ చేరడానికి పావుగంట ముందే కారులో ఏసీ ఆపేసి అద్దాలు దించండి. ఫోను, కెమెరా, కళ్లజోడు బయటి వేడికి అలవాటు పడతాయి. లోపలికి దిగాక మొదటి గదిలో ఐదు నిమిషాలు నిలబడితే కళ్లు కూడా చీకటికి సర్దుకుంటాయి. ఎండలోంచి నేరుగా వచ్చి ఆగకుండా నడిచేవాళ్లకే తలలు ఎక్కువగా కొట్టుకుంటాయి.

బెలుం చూసి పెదవి విరిచేవాళ్లు కొందరుంటారు. బొర్రా చూసొచ్చిన కళ్లతో ఇక్కడా పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడల కోసం వెతుకుతారు. ఊడలమర్రి, కోటిలింగాలు, వేయిపడగలు అని పిలుచుకునే చోట్లలో ఊడలు ఉన్నమాట నిజమే. కానీ బెలుంలో అసలు చూడాల్సింది దారి. ఒకప్పుడు నిండుగా నీళ్లు పారిన గొట్టాల్లో మనం నడుస్తున్నాం. నీటిమట్టానికి దిగువన, రాతిపొరల పగుళ్లలో నిండిన నీరు పైనా కిందా పక్కలా అంతటా రాయిని కరిగించింది. అందుకే గోడలు ఉలితో చెక్కినట్టుండవు, కుండ లోపలి వైపులా నున్నగా గుండ్రంగా ఉంటాయి. ఎక్కడైనా గోడ మీద చెంచాతో తోడినట్టు చిన్న చిన్న గుంటలు వరుసగా కనిపిస్తే టార్చిని గోడకు ఆనించినట్టు పక్కవాటుగా వేసి చూడండి. ప్రవాహం వేగంగా ఉన్నచోట ఆ గుంటలు చిన్నవిగా, నెమ్మదిగా ఉన్నచోట పెద్దవిగా ఏర్పడతాయి. ప్రతి గుంటకూ ఒక అంచు నిటారుగా, రెండోది వాలుగా ఉంటుంది. నిటారు అంచు నీళ్లు వచ్చిన వైపు. ఇంత చెబితే ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఎప్పుడో ఎండిపోయిన ఏరు ఎటు పారిందో చెప్పగలదు.

ఆ రాయి మనకు కొత్తదేమీ కాదు. కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చి మన ఇళ్లలో పరుచుకున్న నాపరాయి ఆ కోవదే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలను నర్జి సున్నపురాయి అంటారు. సున్నపురాయి అంటే గవ్వలూ ఆల్చిప్పలూ పేరుకుని ఏర్పడిందని బడిలో చదువుకుంటాం గానీ, ఇది జీవులకు గవ్వలు పుట్టకముందే సముద్రపు అడుగున పేరుకున్నది. వంటింటి నాపరాయి గట్టు మీద నిమ్మరసం పడి రాత్రంతా ఉండిపోతే తెల్లారేసరికి మచ్చ పడుతుందని ఇల్లాళ్లకు తెలుసు. ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయి కరిగిన గుర్తు. బెలుంలో నిమ్మరసం పని చేసింది వాననీరు. గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే. మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు విడిచే ఊపిరి వల్ల అది పదుల రెట్లు ఎక్కువ. ఆ మట్టిలోంచి ఇంకిన వాన పలచటి పులుసు నీరై పగుళ్లలోకి దిగింది.

ఈ గుహల గురించి 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. తర్వాత సుమారు వందేళ్లు వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1982–84 మధ్య డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మనీ బృందం కొలతలు వేసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. పర్యాటక సంస్థ దారులు, దీపాలు వేసి 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు తిరగనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. తాపీగా చూస్తే గంటన్నర పడుతుంది. తాడిపత్రి నుంచి 30 కిలోమీటర్లు, దారిలో తినడానికి పెద్దగా ఏమీ దొరకదు.

బొర్రా సంగతి వేరు. అరకు దారిలో అనంతగిరి కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఉడికి, పాలరాయిలా పెద్ద పలుకులుగా మారింది. సన్నటి సొరంగాలకు బదులు ఒకే పెద్ద చావడి, పైకప్పులో కంతలోంచి పడే వెలుతురు, ఇంకా చుక్క చుక్కగా కారుతున్న నీళ్లు కనిపిస్తాయి. బెలుంలో నీరు రాయిని తీసుకుపోయిన గుర్తులు చూస్తే, బొర్రాలో తిరిగి పెడుతున్న పని చూస్తాం. 1807లో భారత భూగర్భ సర్వే అధికారి ఒకరు ఈ గుహలను కనుగొన్నాడని కనిపించిన ప్రతిచోటా రాస్తున్నారు గానీ, ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. ఆవు ఒకటి కంతలోంచి లోపల పడిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరి శివలింగాన్ని చూశాడని కొండ ఊళ్లలో చెప్పుకునే కథే దీనికన్నా నయం.

తీసుకుపోయిన రాయిని నీరు తిరిగి ఎందుకు పెడుతుంది? బోరునీళ్లు కాచే హీటరు రాడ్డుకు పట్టే తెల్లటి పెచ్చులో దీనికి జవాబుంది. నీళ్లలో కరిగి ఉన్న సున్నాన్ని కరిగించి పట్టుకుని ఉన్నది బొగ్గుపులుసు వాయువు. వేడికి వాయువు లేచిపోతే సున్నం రాడ్డు మీద గడ్డకడుతుంది. గుహలో వేడి అక్కర్లేదు. గోలీసోడా కొట్టగానే గ్యాసు తన్నుకొచ్చినట్టు, ఇరుకు పగులులోంచి చావడి గాలిలోకి వచ్చిన చుక్క తన వాయువును వదిలేస్తుంది. నీరు ఆవిరై సున్నం మిగులుతుందని చాలామంది అనుకుంటారు. తేమ నిండిన గుహలో ఆవిరయ్యేది చాలా తక్కువ.

చుక్క పైకప్పుకు వేలాడుతున్న కొన్ని క్షణాల్లో దాని అంచు చుట్టూ కంటికి కనిపించనంత సన్నటి సున్నపు ఉంగరం పేరుకుంటుంది. ఉంగరం కింద ఉంగరం చేరి, దాదాపు అయిదు మిల్లీమీటర్ల వెడల్పున, కొబ్బరిబోండాంలో వేసే స్ట్రాలాంటి గొట్టం దిగుతుంది. గొట్టం పూడుకుపోతే నీళ్లు బయటి నుంచి జారి అది ముల్లంగిలా లావెక్కుతుంది. అదే స్టాలక్టైట్. కింద పడ్డ చుక్క మిగతా సున్నాన్ని నేల మీద పెడితే స్టాలగ్మైట్ లేస్తుంది. ఎత్తు నుంచి పడే చుక్క ఎక్కువ దూరం చిందుతుంది కాబట్టి, ఎత్తైన కప్పు కింద లేచే దిమ్మలు మొన తేలక వెడల్పుగా, నెత్తి చదునుగా పెరుగుతాయి. నేల మీది దిమ్మ తలను చూసి పైకప్పు ఎత్తు ఊహించే ఆట పిల్లలకు బాగా నచ్చుతుంది. ఋషి గడ్డం, తల్లీబిడ్డ, మొసలి అంటూ గైడు చూపించే బొమ్మల కన్నా మంచి ఆట ఇది.

ఊడలు పెరిగే వేగం ఒక్కో గుహలో ఒక్కో రకంగా ఉంటుంది. నీటి పారుదలను బట్టి, సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన చూపుడువేలంత, ఏడు సెంటీమీటర్ల ఊడకు 700 ఏళ్లు. 1323లో ఓరుగల్లు కాకతీయుల చేజారిన రోజుల్లో మొదలైన చుక్క అన్నమాట. దాన్ని పుటుక్కున విరిచి జేబులో వేసుకునేవాళ్లను ఇప్పటికీ చూస్తాం. విరవకపోయినా, తాకితే చాలు. చేతికున్న జిడ్డు తడి రాతి మీద పొరలా అంటుతుంది. అక్కడ నీరు సమంగా పరుచుకోదు, కొత్త సున్నం సరిగ్గా పట్టదు, దుమ్ము మాత్రం బాగా పడుతుంది. చేతులకు అందే ఎత్తులో రాయి నల్లగా నిగనిగలాడుతూ, పైన తెల్లగా ఉండటానికి కారణం అదే. బెలుంలో సప్తస్వరాల గుహ అనే చోట వేలాడే పలకలను కొడితే గంటలా మోగుతాయి. ఒక వైపే అతుక్కుని మిగతాదంతా గాలిలో ఉన్న గట్టి స్ఫటికపు పలక ఏదైనా అలాగే మోగుతుంది. గైడు ఒకసారి కొట్టి వినిపిస్తే సరిపోతుంది, వెనకున్న నలభై మంది వంతులవారీగా వాయించాల్సిన పని లేదు.

దీపాల పక్కన రాయికి పట్టిన ఆకుపచ్చను కూడా చూపించండి. వెలుతురే లేని చోట నాచు బతకదు. మనం దీపం పెట్టాం, మన బూట్లతో బీజాలు వచ్చాయి, తేమ ఎలాగూ ఉంది. ఆ నాచు విడిచే ఆమ్లాలు ఊడలను కొంచెం కొంచెంగా తినేస్తాయి. ఇక ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు దీపాలంటారా, అవి రాయి అసలు రంగును మింగేస్తాయి. తెల్లటి టార్చి ఒకటి వెంట ఉంటే స్వచ్ఛమైన సున్నం తెలుపు, ఇనుము చేరినచోట గోధుమ రంగు విడివిడిగా కనిపిస్తాయి. బొర్రాలో మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న బూట్లు తప్పనిసరి. బయట కోతులు సంచులు లాక్కుంటాయి కాబట్టి బొంగులో చికెన్ చూసొచ్చాకే తినండి.

ఈ ఊడలు వానల చిట్టా కూడా. స్టాలగ్మైటును నిలువుగా కోస్తే చెట్టు వలయాల్లా పొరలుంటాయి. యురేనియం, థోరియం పాళ్లను బట్టి పొర వయసు, ఆక్సిజన్ రకాల నిష్పత్తిని బట్టి ఆ కాలపు వానల తీరు తెలుస్తాయి. బస్తర్ అడవుల్లోని దండక్ గుహ స్టాలగ్మైటు నుంచి క్రీ.శ. 600 – 1500 మధ్య రుతుపవనాల చరిత్రను రాబట్టి 2007లో ప్రచురించారు. 14వ శతాబ్దం నడుమ నుంచి దశాబ్దాల పాటు వానలు తగ్గిన కాలాలు అందులో తేలాయి. దక్కనును పీడించిన దుర్గాదేవి కరువు ఆ శతాబ్దం చివర మొదలైందే.

బెలుం, బొర్రా దారులు వేసి, దీపాలు పెట్టి, కాపలా ఉన్న గుహలు. కొండల్లో ఊరివాళ్లు చూపించే దీపాల్లేని గుహల్లోకి పిల్లలతో వెళ్లాలనిపిస్తే లెక్క మారుతుంది. మనిషికొక టార్చి చాలదు, అదనంగా మరొకటి ఉండాలి, ఒకటైనా నుదుటికి కట్టుకునేది కావాలి. ఎన్ని గంటలకు తిరిగొస్తారో బయట ఒకరికి చెప్పి వెళ్లాలి. గబ్బిలాల రెట్ట ఎండి దుమ్ములా లేచే చోట ఊపిరితిత్తులకు ప్రమాదం, అటు వెళ్లకపోవడమే మంచిది. వాన పడే సూచన ఉంటే అసలు దిగకూడదు. గుహ అంటే నీటి దారే కదా, ఎక్కడో కొండ మీద కురిసిన వాన కూడా ఇక్కడికే వస్తుంది. 2018 జూన్‌లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ నడుచుకుంటూనే వెళ్లారు. వెనకాలే వరద నీరు దారి మూసేసింది. వాళ్లందరినీ బయటికి తీసుకురావడానికి రెండు వారాలకు పైగా పట్టింది, మాజీ నౌకాదళ గజ ఈతగాడు ఒకరు ఆ పనిలోనే ప్రాణం వదిలాడు.